రహస్యం మాస్టారు తోడు వెళ్ళిన ఓటు

శ్రీరామచంద్రమూర్తి మాస్టారి గురించి మా వీధి మొత్తానికీ తెలిసిన సంగతి ఒకటే: ఆయన గురించి ఎవరికీ ఏ సంగతీ తెలియదు.

ఓటు రహస్యంగా ఉంచుకోవాలని చట్టంలో ఉంది. మనలాంటివాళ్ళం ఆ ఒక్క రహస్యాన్ని కూడా సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర అందరికీ పంచేస్తాం. మాస్టారు అలా కాదు. చట్టాన్ని ఓటు దగ్గర ఆపకుండా వంకాయ కూర దాకా లాక్కొచ్చారు.

"మాస్టారూ, భోజనమైందా?"

"అది రహస్యమండీ."

"పోనీ, ఏం కూర?"

"అది మరీ రహస్యమండీ."

మూతికి ఆవపిండి అంటుకుని ఉండేది. అయినా ఆయన ఒప్పుకునేవారు కాదు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కూరగాయల సంచీ, నడిచేది పటమట రైతుబజారు దారిలో. "ఎక్కడికండీ?" అని అడిగితే చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "రహస్యమండీ" అనేవారు. సిటీ బస్సెక్కితే కండక్టరుకు కూడా ఎక్కడ దిగేదీ చెప్పేవారు కాదు. చివరి స్టాపు దాకా టికెట్ కొని, మధ్యలో ఎక్కడో గభాలున దిగిపోయేవారు.

ఒకసారి కడుపునొప్పి వచ్చింది. ఆయన భార్య శాంభవిగారు బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఎక్కడండీ నొప్పి?" అన్నాడు డాక్టరు.

మాస్టారు పైకప్పు కేసి చూశారు.

"నొక్కి చూస్తాను. నొప్పనిపిస్తే చెప్పండి."

ఎక్కడ నొక్కినా మాస్టారి మొహం గోడమీద క్యాలెండరు కాగితంలా ఉంది. చివరికి శాంభవిగారే, "కుడివైపండీ. రాత్రి నిద్రలో మూలుగుతూ అటే పట్టుకున్నారు. నిద్రలో మాత్రం అన్నీ చెప్పేస్తారు" అన్నారు. మాస్టారు ఆ తరవాత కొన్నాళ్ళు నిద్రపోవడానికి కూడా జంకారని వీధిలో చెప్పుకున్నారు. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు. ఆయన్ని అడిగితే ఏమంటారో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.

ఆయన నాకు ఎనిమిదో తరగతిలో సోషల్ చెప్పారు. పరీక్ష పేపర్లు ఇచ్చే రోజు మా క్లాసు చూడవలసిందే. మిగతా మాస్టార్లు మార్కులు గట్టిగా చదివేవారు. ఈయన ఒక్కొక్కరినీ పిలిచి, చెయ్యి అడ్డం పెట్టి, చెవిలో చెప్పేవారు. తొంభై వచ్చినవాడూ తొమ్మిది వచ్చినవాడూ ఒకే రకంగా తలూపుకుంటూ వచ్చి కూర్చునేవారు. నేను అప్పటికే నలుగురిలో నోరు విప్పలేని పిల్లని. నా మార్కులు ఎవరికీ వినపడకపోవడం నాకెంత హాయిగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది.

ఫోటోలతో ఓటరు కార్డులు మొదటిసారి ఇచ్చిన రోజుల్లో మా స్కూల్లోనే క్యాంపు పెట్టారు. గుమస్తా పేరూ, తండ్రి పేరూ, వయసూ అడిగి రాసుకుంటున్నాడు. మాస్టారు బల్లమీదికి పూర్తిగా వంగి అతని చెవిలో చెప్పారు. వెనకున్న వాళ్ళు గొడవ చేశారు.

"ఏంటండీ ఈయన, గుమస్తాని ముద్దు పెట్టుకుంటున్నాడేంటి?"

తరవాత ఫోటో. కెమెరా అబ్బాయి, "కొంచెం నవ్వండి సార్" అన్నాడు.

"ఎందుకు నవ్వాలి?"

"ఊరికే సార్. బాగుంటుంది."

"నవ్వితే ఏ పార్టీ గెలిచిందని నవ్వానో అనుకుంటారు. మామూలుగా తియ్యి నాయనా."

ఆ కార్డులో ఆయన మొహం చూస్తే సంతోషమో దుఃఖమో ఆకలో ఎవరూ చెప్పలేరు. ఆయన మాత్రం ఆ ఫోటో చాలా బాగా వచ్చిందని... అన్లేదు లెండి. ఏమీ అన్లేదు.

అసలు కథ పోస్టు ఓటుది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఎన్నికలకూ మాస్టారికి డ్యూటీ పడేది. ఒకసారి మైలవరం వైపు, ఇంకోసారి ఇంకెక్కడో. డ్యూటీలో ఉన్నవాళ్ళకు ఓటు కాగితం పోస్టులో వస్తుంది. గుర్తు పెట్టి, లోపలి కవరులో పెట్టి అంటించాలి. "ఈ ఓటు వేసింది నేనే" అని డిక్లరేషన్ మీద పేరు రాసి, గెజిటెడ్ ఆఫీసరు ఎదుట సంతకం చేసి, రెండూ కలిపి బయటి కవరులో పెట్టి పంపాలి. మాస్టారు వంటింట్లోకి వెళ్ళి తలుపు గడియ పెట్టుకునేవారు. శాంభవిగారు పొయ్యిమీద పప్పు వదిలేసి బయట నిలబడేవారు. పప్పు మాడిన వాసన వచ్చాక మాస్టారు బయటికి వచ్చేవారు. కవరంతా మైదాపిండి జిగురు.

ఇన్ని చేసినా డిక్లరేషన్ మీద మాత్రం పేరు రాసేవారు కాదు, సంతకం పెట్టేవారు కాదు.

"పేరు రాసి పంపిస్తే ఇక రహస్యమేముందండీ?" అనేవారు.

"లోపలి కవరు విప్పేటప్పుడు పేరు విడిగా తీసేస్తారు మాస్టారూ. ఎవరికీ తెలీదు" అని తోటి మాస్టార్లు నచ్చజెప్పారు.

"తీసేస్తారని మీరు చూశారా?"

ఎవరూ చూడలేదు. ఓ ఏడాది లెక్కింపు డ్యూటీ చేసి వచ్చిన డ్రిల్లు మాస్టారు మరియదాసుగారు స్టాఫ్ రూములో, "మాస్టారూ, పాపం ఈసారి కూడా మీ ఓటు చెల్లలేదండీ" అన్నారు.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "అది నాదని మీకెలా తెలిసింది?"

"పేరు లేని కవరు జిల్లా మొత్తానికి అదొక్కటేనండీ."

అలా ముప్ఫై ఏళ్ళు ఊరందరిచేతా ఓట్లు వేయించిన మనిషి, తన ఓటు ఒక్కటీ చెల్లకుండా రిటైరయ్యారు.

అంత గుట్టు మనిషి కూడా ఒక్క విషయంలో గొంతెత్తేవారు. రూల్స్. "ఓటు ఎవరిది వాళ్ళది. రూలు అందరిదీ" అనేవారు. ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దిగినప్పుడూ, కార్డులు వచ్చినప్పుడూ, కార్డు లేకపోతే రేషన్ కార్డో బ్యాంకు పాస్‌బుక్కో చూపించవచ్చన్నప్పుడూ ఆయన వీధి మొదట్లో నిలబడి అందరికీ కేకేసి చెప్పేవారు. మారిన రూలు మా వీధికి పేపరుకన్నా ముందు మాస్టారి గొంతులో వచ్చేది. నాకు పద్దెనిమిది నిండిన వారంలోనే నన్ను జాబితాలో చేర్పించిందీ ఆయనే. తరవాత కొన్నేళ్ళకు నేను ఎం.ఏ. తెలుగు చదువుతున్నానని తెలిసి, "మంచి చదువమ్మా. ఎక్కువ మాట్లాడక్కర్లేదు" అన్నారు. ఆయన నోట నేను విన్న ఏకైక సొంత అభిప్రాయం అది.

ఇక జరీనమ్మ సంగతి. మా వీధి మలుపులో తిరుపతిరావుగారి మూడంతస్తుల మేడ. కింద రోడ్డువైపు గదిలో జరీనమ్మ గాజుల కొట్టు. భర్త పోయాక ఆ కొట్టుతోనే కూతురు జుబియాను చదివిస్తోంది. కంటి జబ్బు చేసి రెండు మూడేళ్ళలో చూపు పూర్తిగా పోయింది. అయినా కొట్టు మూయలేదు. మన చెయ్యి పట్టుకుని మణికట్టు ఒకసారి నిమిరి, కావలసిన గాజులు అందించేది. రంగు మాత్రం జుబియా చెప్పాలి.

ఆ ఏడాది కార్పొరేషన్ ఎన్నికల్లో తిరుపతిరావుగారు మా వార్డుకు నిలబడ్డారు. సిమెంటు వ్యాపారం, పెద్ద గొంతు, చెడ్డవాడు కాదు. గుర్తు కుక్కరు. ఒక ఆటోకు మైకు కట్టి పొద్దున్నుంచి రాత్రి దాకా కుక్కరు కూత వేయించేవాడు. వీధిలో ఆడవాళ్ళంతా ఆ కూత విని వంటింట్లోకి పరుగెత్తి స్టవ్ ఆపేసేవారు. నెలరోజులు మా వీధిలో అన్నం సరిగా ఉడకలేదు.

ఒకరోజు నేను గాజులు వేయించుకుంటుండగా ఆయన కొట్టుకు వచ్చాడు.

"ఏమ్మా జరీనా, ఈసారి నేను నిలబడ్డాను, తెలుసుగా?"

"తెలియకేం అన్నగారూ. కూత వినపడుతూనే ఉంది."

"నీకు చూపు లేదాయె. ఓటుకి తోడు కావాలి. మా ఆవిడొస్తుందిలే. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, చెయ్యి పట్టుకుని నొక్కించి, చెయ్యి పట్టుకుని దింపేస్తుంది."

"అమ్మగారికెందుకండీ శ్రమ? మా జుబియా ఉందిగా."

"జుబియాకి పద్దెనిమిది నిండాయా? నిండకపోతే తోడు పనికిరాదమ్మా. అడుగు, మీ రహస్యం మాస్టారే చెప్తాడు." ఆయన వెళ్ళబోతూ ఆగాడు. "అన్నట్టు, కొట్టు అగ్రిమెంటు కూడా అయిపోవచ్చింది కదా. ఎన్నికలయ్యాక తీరిగ్గా చూసుకుందాంలే."

ఆయన వెళ్ళిపోయాక జరీనమ్మ నా చెయ్యి వదలలేదు.

"నా ఓటు నాదేనా బేటీ, అద్దెతో పాటు అది కూడా ఆయనకే కట్టాలా?" అంది. "ఆయనకి వెయ్యనని కాదు. వేస్తానో, వెయ్యనో. నేనెయ్యాలి కదా."

నేను గాజుల డబ్బులు ఆవిడ చేతిలో పెట్టి లేచాను. ఇంటికొచ్చే దారిలో మాస్టారు కనిపిస్తే మొత్తం చెప్పేశాను. అంత పొడుగు మాట నేను అంతకుముందు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన విని, గొడుగు మూసి, మళ్ళీ తెరిచారు.

"ఏం చేస్తారు మాస్టారూ?"

"అది రహస్యమమ్మా."

పోలింగు రోజు. మునిసిపల్ స్కూలు వరండా దాకా క్యూ. తిరుపతిరావుగారి భార్య రమాసుందరిగారు జరీనమ్మ కుడిచెయ్యి పట్టుకుని నిలబడ్డారు. ఎడమచెయ్యి జుబియాది. వాళ్ళ వెనక నేనూ, నా వెనక మాస్టారూ. రిటైరయ్యాక ఆయన బూతుకు వచ్చి ఓటు వేయడం ఇంకా కొత్తే. కార్డు పట్టుకున్న చేత్తోనే తండ్రి పేరు మీద బొటనవేలు ఆనించి ఉంచారు.

లోపల అధికారి కుర్రవాడు. "ఈవిడకి తోడెవరండీ?" అన్నాడు.

"నేనేనండీ" అన్నారు రమాసుందరిగారు.

"కాదండీ, నేను" అని నా వెనకనుంచి గొంతు.

బల్ల వెనక కూర్చున్న ఏజెంట్లంతా తలెత్తారు. కుక్కరు ఏజెంటు సగం లేచాడు. "మీరెప్పుడు మాట్లాడుకున్నారు మాస్టారూ?"

"అది రహస్యమండీ."

"ఇదెక్కడి గొడవండీ! అమ్మగారు ముందొచ్చారు!"

మాస్టారు గొంతు ఒక్కసారిగా మారిపోయింది. రూలు చెప్పే గొంతు. "తోడు ఎవరో చెప్పాల్సింది ఓటరండీ. ముందొచ్చినవాళ్ళు కాదు, గట్టిగా పట్టుకున్నవాళ్ళు కాదు. ఆవిణ్ణే అడగండి."

అధికారి అడిగాడు. జరీనమ్మ రమాసుందరిగారి చెయ్యి మెల్లగా నిమిరి వదిలింది.

"అమ్మగారు పొద్దుటినుంచీ నిలబడ్డారు, పాపం. కూర్చోబెట్టండి బాబూ. నాకు మాస్టారు చాలు."

అధికారి ఒక కాగితం ముందుకు తోశాడు. తోడు వెళ్ళేవాళ్ళు తమ వివరాలు రాసి, ఓటు సంగతి బయటపెట్టనని ఒప్పుకుంటూ సంతకం చేయాలి. "పేరు, తండ్రి పేరు, వయసు, అడ్రసు చెప్పండి సార్. నేను రాసుకుంటా. గట్టిగా చెప్పండి, ఫ్యాను చప్పుడుకి వినపడట్లేదు."

ఏజెంట్లు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. మాస్టారు కార్డు మీంచి బొటనవేలు తీశారు. తరవాత ఎనిమిదో తరగతికి పాఠం చెప్పినట్టు అన్నీ చెప్పారు. ఇంటిపేరుతో సహా పేరు, తండ్రి పేరు, వయసు, డోరు నంబరు. గది గదంతా విన్నది. తన ఓటు కోసం ఇన్నేళ్ళూ ఏ కాగితం మీదా పెట్టని సంతకం, జరీనమ్మ ఓటు కోసం గుండ్రంగా, పూర్తిగా పెట్టారు. వయసు విని ఒక ఏజెంటు, "అంతేనా? ఇంకా ఎక్కువనుకున్నానే!" అన్నాడు కూడా.

ఇద్దరూ అట్ట చాటుకు వెళ్ళారు. కాసేపటికి మిషను కూసింది. జరీనమ్మ బయటికి వచ్చినప్పుడు సిరా పెట్టిన వేలిని కొంగుకు తగలకుండా పట్టుకుంది. పెళ్ళికూతురు గోరింటాకు పెట్టుకున్నప్పుడు పట్టుకున్నట్టు.

తిరుపతిరావుగారు పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయారు.

వేల తేడాతో ఓడినవాడికి నిద్ర పడుతుంది. పదకొండుతో ఓడినవాడికి ఎదురొచ్చిన ప్రతి మొహమూ ఆ పదకొండులో ఒకటిలా కనిపిస్తుంది. అందరిలోకీ ఆయనకు ఒక్క ఓటు సంగతి తెలిసిన సాక్షి దొరికాడు. మర్నాటి నుంచీ రోజూ సాయంత్రం మాస్టారి వరండాలో తిష్ఠ వేశాడు.

"ఒక్క మాట మాస్టారూ. జరీనా కుక్కరు నొక్కిందా, లేదా?"

"అది రహస్యమండీ."

"సరే, నోటితో చెప్పొద్దు. నొక్కిందంటే ఒకసారి దగ్గండి. లేదంటే ఊరుకోండి."

మాస్టారు ఊరుకున్నారు. తిరుపతిరావుగారి మొహం నల్లబడింది. అప్పుడు మాస్టారు గట్టిగా దగ్గారు. మొహం వెలిగింది. ఆ వెంటనే తుమ్మారు.

"తుమ్మితే ఏంటండీ అర్థం?"

"అది రహస్యమండీ."

లోపలినుంచి శాంభవిగారు కాఫీ తెస్తూ, "తిరుపతిరావుగారూ, ఎందుకండీ ఆయాసం? పులుసులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఇన్నేళ్ళలో నాకే చెప్పలేదు. మీ కుక్కరు సంగతి చెప్తారా?" అన్నారు.

తిరుపతిరావుగారు మాస్టారి మొహంలోకి దగ్గరగా వచ్చి చూశాడు. అటు తిరిగి చూశాడు. ఇటు తిరిగి చూశాడు. ఓటరు కార్డు ఫోటోలో ఉన్న మొహమే ఉంది.

"ఈయన నా ఓటు సంగతి దాస్తున్నాడో, బెండకాయ సంగతి దాస్తున్నాడో దేవుడికి కూడా తెలీదండీ!" అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

వరండా మెట్లమీద కూర్చుని వింటున్న నాకు అప్పుడు కొంత అర్థమైంది. మాస్టారు అన్నీ చెప్పే మనిషై, ఆ ఒక్కటే చెప్పనని ఉంటే, తిరుపతిరావుగారికి జవాబు ఆ క్షణమే దొరికిపోయేది. శాంభవిగారి వెనకే వంటింట్లోకి వెళ్ళి ఆ మాటే అన్నాను.

ఆవిడ నవ్వారు. "పెళ్ళయిన కొత్తలో ఏడ్చి మరీ అడిగానే పిల్లా, ఈ దాపరికం ఏంటని. 'ఒక్కటి దాస్తే అది ఇట్టే దొరికిపోతుంది, అన్నీ దాస్తే ఏదీ దొరకదు' అన్నారు. డ్యూటీల్లో ఎవరెవరి ఓట్లు ఆయన కంట పడ్డాయో! వాళ్ళందరి కోసం నా కూరలకి పేరు లేకుండా పోయింది."

మిగతాది జరీనమ్మ చెప్పింది. రెండు రోజుల తరవాత కొట్టుకు వెళ్ళి, "మాస్టారు నోరు విప్పరు, మీరేం భయపడకండి" అన్నాను.

"విప్పినా ఏం చెప్తారు బేటీ? ఆయనకేం తెలుసని?"

"అదేంటి! పక్కనే ఉన్నారుగా?"

"లోపలికెళ్ళగానే వరసగా గుర్తులన్నీ చెవిలో చెప్పారు. నా వేలు పట్టుకుని పైనుంచి కిందికి ఒక్కో మీటా తడిమించారు. రెండుసార్లు. తరవాత, 'నేను అటు తిరిగానమ్మా, కానీ' అన్నారు. నిజంగానే తిరిగారు. ఆ మాట గోడవైపు నుంచి వినపడింది."

నేను నోరు తెరిచేశాను. "మరైతే 'నాకు తెలియదు' అని మాస్టారు తిరుపతిరావుగారితో చెప్పేయొచ్చుగా? రోజూ ఆ పీడ ఎందుకు?"

జరీనమ్మ నా చేతికి ఇంకో గాజు ఎక్కించింది.

"ఆయనకి తెలియదంటే, తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కదమ్మా. అప్పుడు అన్నగారు రోజూ సాయంత్రం కుర్చీ ఎక్కడేసుకునేవారు?"

మాస్టారు తన దగ్గర లేని రహస్యానికి కాపలా కాస్తున్నారు!

తిరుపతిరావుగారికి ఆ సంగతి ఈనాటికీ తెలియదు. పాపం, ఆయన లెక్కలు ఎన్ని వేసినా తేలలేదు. తనకు ఎవరు వెయ్యలేదో తేలకపోవడం వల్ల ఎవరిమీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేకపోయింది. మళ్ళీసారి నిలబడాలని ఉంది. అంచేత అందరినీ తన ఓటర్లే అనుకుని మర్యాద చెయ్యవలసి వచ్చింది. జరీనమ్మ అగ్రిమెంటు పాత అద్దెకే తిరగరాయించాడు. వీధి చివర మురుగుకాలవ మీద తన సిమెంటుతోనే పలకలు వేయించాడు. గెలిచినాయన కూడా వెనకబడకూడదని వీధి దీపాలు పెట్టించాడు. మా వీధికి ఇద్దరు కార్పొరేటర్లు ఉన్నారని పక్క వీధివాళ్ళు ఏడ్చేవారు.

సాయంత్రాలు మాత్రం తిరుపతిరావుగారు మాస్టారి వరండా మానలేదు. మొదట్లో అడగడానికి వచ్చేవాడు. రానురానూ చెప్పడానికి రావడం మొదలుపెట్టాడు. ఎంత చెప్పినా బయటికి పోని చోటు విజయవాడలో ఇంకెక్కడ దొరుకుతుంది? వ్యాపారం గొడవలు, మోకాలి నొప్పి, తమ్ముడితో మాటల్లేని సంగతి, అన్నీ ఆ కుర్చీలోనే. మాస్టారు ఊఁ కొడుతూ వినేవారు.

ఒకరోజు నేను పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు తిరుపతిరావుగారు కాఫీ గ్లాసు తిప్పుతూ, గొంతు బాగా తగ్గించి అన్నాడు:

"నిజం చెప్పాలంటే మాస్టారూ, జరీనా సంగతి కాదు నా బాధ. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. మా ఆవిడ... మా ఆవిడ నాకే వేసిందంటారా?"

మాస్టారు తన గ్లాసులో మిగిలిన కాఫీ ఆయన గ్లాసులో ఒంపారు.

గేటు బయట, మొగుణ్ణి భోజనానికి పిలవడానికి వచ్చిన రమాసుందరిగారు నిలబడి ఉన్నారు. ఎంత తగ్గించినా గేటు దాకా వినపడే గొంతు ఆయనది, మాట విన్నట్టే ఉన్నారు. నన్ను చూసి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వచ్చిన దారినే గబగబా వెనక్కి వెళ్ళిపోయారు. భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతూనే ఉన్నాయి.